ముగ్గుతో గీసిన కీబోర్డు

కనకమామిడిలో మా ప్రాథమిక పాఠశాలకు ఒక ఫామ్‌హౌస్ యజమాని కంప్యూటరు ఇచ్చాడు. ఒక్కటే. పిల్లలేమో గది నిండా. మొయినాబాద్ నుంచి ఆటోలో వస్తూ రోజూ నాకు ఇదే ఆలోచన, ఒక్క మౌసును ఇంతమందికి ఎలా పంచడమా అని. చివరికి ఒక పద్ధతి పెట్టాను. తెలిసినవాళ్లు చేతులు కట్టుకుని నోటితో చెప్పాలి, తెలియనివాళ్లు మౌసు పట్టుకోవాలి. గోల పెరిగింది గానీ పని జరిగింది.

నాలుగో తరగతి పిల్ల ఒకతె మాత్రం తన వంతు రాగానే చేతులు వెనక్కి దాచుకునేది. అడగ్గా అడగ్గా చెప్పింది.

"పోయినేడు నేను బటన్ ఒత్తంగనే బందయింది టీచర్. ముట్టకు, పాడుచేస్తవ్ అన్నరు. మా బాపు ఈ కంప్యూటర్ ఇచ్చిన సారు ఫామ్‌హౌస్‌లనే పనిచేస్తడు. మల్ల పాడైతే బాపును పనిలకెల్లి తీసేస్తరు."

ఆ రోజు పోయింది కరెంటేనని బడిలో అందరికీ తెలుసు. ఆ పిల్లకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకు ఒళ్లు మండింది. "అది కరెంటు పోయింది బిడ్డా, నువ్వేం జెయ్యలే" అన్నాను. తలూపింది. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

చేతులకు భయమైతే కాళ్లతో మొదలుపెడదామనుకున్నాను. వరండాలో పెద్ద కీబోర్డు గీస్తే, పిల్లలు అక్షరం నుంచి అక్షరానికి గెంతుతూ తమ పేర్లు రాయొచ్చు. సుద్దముక్కలు చాలవని మధ్యాహ్న భోజనం వండే అక్కను సాయం అడిగాను. ఆమె పొద్దున్నే వరండా కడిగి, ముగ్గుపిండితో గళ్లు గీసి, నేను రాసిచ్చిన ఇంగ్లీషు అక్షరాలు వాటిలో నింపింది. అక్కడితో ఆగిందా? చుట్టూ తీగలు, మూలల్లో పువ్వులు. చూస్తే నాకే ముద్దొచ్చింది.

పిల్లలు వచ్చారు, చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ కాలు పెట్టరే! ముగ్గు తొక్కితే వీపు పగులుతుందని ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నవాళ్లు. చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలు కూడా పక్కింటి ముగ్గు తొక్కి తిట్లు తిన్నవాళ్లే. ముగ్గులేసే ఇంట్లో పెరిగిన నాకే ఈ సంగతి తట్టలేదంటే ఏమనుకోవాలి?

చెప్పులు విప్పి నేనే దిగాను. నా పేరులో మొదటి అక్షరం పాదం కింద చెదిరిపోయింది. వంట అక్క "అయ్యో టీచరమ్మా!" అని నోటిమీద చేయి వేసుకుని, అంతలోనే నవ్వేసింది.

"తొక్కుండ్రి, తొక్కుండ్రి. పోతే మల్ల ఏస్త."

ఇక వరండాలో జాతరే. ఆ పిల్ల కూడా గెంతింది. గెంతుతూ చెదిరిన గడి దగ్గర ఆగి, అక్క పిండి తెచ్చి మళ్లీ గీసేదాకా కన్నార్పకుండా చూసింది.

ఆ మధ్యాహ్నం తనంతట తనే కంప్యూటరు ముందు కూర్చుంది.

"తప్పు ఒత్తితే ఎట్ల టీచర్?"

చెరిపే బటన్ చూపించాను. అప్పటి నుంచి ఏ పిల్లకైనా ముందు ఆ బటనే చూపిస్తున్నాను, మిగతావి తర్వాత. ఆ పిల్ల ఒక్క వేలితో, వెతుక్కుంటూ, తన పేరు కొట్టడం మొదలుపెట్టింది. సగం పేరు పడిందో లేదో, తెర నల్లబడింది.

ఈ పాడు కరెంటు ఇప్పుడే పోవాలా? ఇక జన్మలో ముట్టదనుకున్నాను. ఆ పిల్ల తెరను చూసింది, తన వేలిని చూసుకుంది. తర్వాత తలెత్తి ఫ్యాను వైపు చూసింది. రెక్కలు మెల్లగా ఆగుతున్నాయి.

"కరెంటు పోయింది టీచర్. నేను గాదు," అంది.

కరెంటు వచ్చేదాకా బటన్ మీంచి వేలు తీయలేదు.