మార్జరీ ఎదురొస్తే

టైన్ నది ఒడ్డున ఆ ఊళ్ళో, బొగ్గు గనికి పోయే మగాడికి తెల్లారుజామున ఆడమనిషి ఎదురైతే మారుమాట లేకుండా ఇంటికి తిరగాల్సిందే. కూలి పోతే పోయింది, ప్రాణం దక్కిందనుకునేవాళ్ళు. అందుకే బూట్ల చప్పుడు సద్దుమణిగేదాకా ఆడవాళ్ళు తలుపు తీసేవాళ్ళు కాదు.

మార్జరీకి మరీ చాదస్తం. ఆ రోజు మొగుడు కత్‌బర్ట్ రొట్టె మూట మర్చిపోతే వెనకాలే పరుగెత్తింది. మలుపులో అతను ఒక్కడే ఆగి వెనక్కి చూస్తున్నాడు. "అయ్యో, నా మొహం చూస్తే కూలి పోదూ!" అనుకుని ముళ్ళకంచె చాటున నక్కింది. అతను చూసి చూసి వెళ్ళిపోయాడు.

పొద్దెక్కాక నేల అదిరింది. గని నోట్లోంచి మంట, వెనకే నల్లటి దుమ్ము. మంట ఆరాలని దొరలు గని నోరు మట్టితో పూడ్పించారు. లోపల ప్రాణాలతో ఎవరైనా ఉంటే? జవాబు చెప్పే నాథుడే లేడు. నెల దాటాక తవ్వితే, తను అల్లిన మేజోళ్ళు చూసి మొగుణ్ణి గుర్తుపట్టింది.

అప్పట్నుంచీ రోజూ తెల్లారేసరికి దారి నడుమ నిలబడేది. మొదటి రోజు అందరూ తిరిగిపోయారు. "దీని దుంప తెగ! మా పొట్ట కొడుతోంది" అని తిట్టుకున్నారు. ఆ తర్వాత చర్చి వెనక పొలంలో కొత్త దారి తొక్కేశారు. ఆడవాళ్ళు మాట్లాడ్డం మానేశారు. పాత దారిలో గడ్డి మొలిచినా ఆవిడ నిలబడుతూనే ఉంది. పిచ్చిదన్నారు. ఆ ఒంటరితనం ఎలాంటిదో వాళ్ళకేం తెలుసు, నోళ్ళు పడిపోను!

ఒకనాడు పక్కింటి రాల్ఫ్ తలొంచుకుని పాత దారినే వచ్చాడు. వాడికి కొత్తగా పెళ్ళయింది.

"ఏరా, దారి తప్పావా?"

"లేదు పిన్నీ, నీకోసమే వచ్చా. నిన్న లోపల కొవ్వొత్తి మంట నీలంగా సాగింది. మండే గాలి చేరింది. దిగాలంటే కాళ్ళు రావట్లేదు."

"అయితే ఇంట్లో పడుండలేకపోయావా?"

"ఊరికే ఉంటే పిరికిపందని నవ్వరూ? నువ్వెదురొచ్చావంటే ఎవడూ నోరెత్తడు. ఒక్కసారి మొహం చూపించు పిన్నీ, పుణ్యముంటుంది."

మార్జరీ తలగుడ్డ వెనక్కి తీసింది. వాడు "హమ్మయ్య" అని గిరుక్కున ఇంటికి తిరిగాడు.

ఆవిడ అక్కడే కూలబడింది. మలుపులో ఆగిన కత్‌బర్ట్ కళ్ళముందు నిలిచాడు. ఇన్నాళ్ళూ రొట్టె కోసం చూశాడనే అనుకుంది.

"నా మొహం కోసం చూశావా అయ్యా? నేనేమో దాక్కున్నానే!"

గుండెలు బాదుకుని ఏడ్చింది. వినడానికి ఆ దారిలో ఎవరూ లేరు.