అడిగితేనే చెప్పే అవుటు

"నా తప్పుకైతే ఎవరూ అడక్కుండానే అరిచావు. వాళ్ళ తప్పుకి మాత్రం ఎవరో ఒకరొచ్చి అడగాలా?"

వంటింట్లోంచి చెల్లి గొంతు, వాళ్ళ నాన్న మీద. నేను ముందు గదిలో, అంటే మా బాబాయి మోటార్ వైండింగ్ షాపులో, కాలిపోయిన నీళ్ళ మోటార్లోంచి పాత రాగి తీగ పీకుతున్నాను. షాపుకీ ఇంటికీ మధ్య ఒక్క కర్టెనే అడ్డం. ఇంట్లో ఏ గొడవ జరిగినా, మోటారు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా దాన్ని పంచుకోవలసిందే.

"అవును, అడగాలి," అన్నాడు బాబాయి.

"నువ్వు చూశావుగా."

"చూశాను."

"మరి?"

"మీరు అడగలేదు."

ఏదో గిన్నె సింకులో పడింది. పడిందో, పడేసిందో. తర్వాత పిన్ని అందుకుంది. "ఏమండీ, ఆ పిల్ల బేస్ తొక్కిందని ఒక్క అబద్ధం చెప్తే మీ సొమ్మేం పోయేది? ఇల్లు ప్రశాంతంగా ఉండేది కదా."

"ఇప్పుడు అడిగింది కదే. అడిగితే చెప్పాలి."

కాలేజీ మధ్యలో వదిలేసి ఈ ఇంటికొచ్చి పడ్డప్పటి నుంచీ ఈయన్ని చూస్తున్నాను. ఇంత మంచి మనిషి మీద ఇంత కోపం రావడం నాకు అలవాటైపోయింది.

వారమంతా మోటార్లు చుడతాడు. ఆదివారం ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ మ్యాచులకు అంపైరుగా నిలబడతాడు. వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ జట్టులో క్యాచర్, అంటే బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టేవాడు. బంతి తగిలి విరిగిన చూపుడు వేలు వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ ఎవరికైనా దారి చూపిస్తే వాళ్ళు పక్క సందులోకి వెళ్ళిపోతారు. ఫ్యాక్టరీ మూతపడి జట్టు చెదిరిపోయినా ఈయన మాత్రం మైదానం వదల్లేదు. అందరిచేతా తిట్లు తినే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంటే, అడిగి మరీ అందులో చేరాడు.

వీధిలో ఆయన పేరు అవుటాయన. కూరగాయల బండివాడు కూడా తక్కెడ ఎత్తి "చూసుకోండి సార్, తర్వాత అవుటంటే నా వల్ల కాదు" అంటాడు. ఇంట్లోనూ ఆయన తీరు అంతే. కూరలో ఉప్పు మర్చిపోయినా కిమ్మనకుండా తినేస్తాడు. పిన్ని తన కంచంలో ముద్ద నోట్లో పెట్టుకుని "ఇంత చప్పగా ఉంటే చెప్పొద్దూ" అంటే, "నువ్వడగలేదుగా" అంటాడు. అలాంటప్పుడు పిన్నిది ఒకటే మాట: "ఈయన్ని చేసుకున్నరోజే నాకు అవుటిచ్చేశారు."

అసలు గొడవ మొన్న ఆదివారం మ్యాచ్‌తో మొదలైంది. నిలబడవలసిన రెండో అంపైరుకు మోకాలు వాచింది. బాబాయి ఒక్కడే మిగిలాడు. మా చెల్లి ఆడుతున్న మ్యాచ్ అయినా ఇద్దరు కోచ్‌లూ సరేనన్నారు. కూతురికి సాయం చేస్తాడేమోనన్న అనుమానం ఎవరికీ లేదు. అన్యాయం చేస్తాడేమోనన్న భయం మా పిన్నికి తప్ప.

సాఫ్ట్‌బాల్‌లో బంతిని కొట్టిన పిల్ల మూడు బేసులూ వరసగా తొక్కుకుంటూ తిరిగి మొదటి చోటుకి, అంటే హోమ్ ప్లేట్ దగ్గరికి వస్తే ఒక పరుగు. ఆట మధ్యలో చెల్లి మొదటి బేస్ నుంచి రెండో దానికి పరిగెడుతోంది. అదే దారిలో బంతి దొర్లుకుంటూ వచ్చింది. దాన్ని అందుకోవడానికి వంగిన అవతలి పిల్లకు చెల్లి భుజం తగిలింది. చెల్లి కావాలని గుద్దలేదు, మెట్ల మీద కూర్చున్న నాకే తెలుస్తోంది. కానీ బంతి అందుకునేవాళ్ళకు అడ్డొస్తే ఇంటర్‌ఫియరెన్సే. కావాలని చేశావా, పొరపాటునా అన్న ప్రశ్నే లేదు. బాబాయి రెండు చేతులూ పైకెత్తి ఆట ఆపేశాడు. చెల్లి అవుట్. ఆ గందరగోళంలో మూడో బేస్ నుంచి వచ్చి పరుగు చేసేసిన మా పిల్లని కూడా వెనక్కి పంపేశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగనక్కర్లేదు.

ఆఖర్లో స్కోరు సమంగా ఉంది. అవతలి పిల్ల ఒకతి బంతి దూరంగా పడగానే రెండో బేస్ నుంచి బయల్దేరింది. మూడో బేస్ దగ్గర మలుపు మరీ లోపలికి కోసి, దాన్ని తొక్కకుండానే హోమ్‌కి దూసుకొచ్చింది. అందరి కళ్ళూ బంతి మీద. ఆ కాలు చూసింది బాబాయి ఒక్కడే. ఆ ఒక్క పరుగుతో మ్యాచ్ పోయింది.

ఇక్కడే నా ఒళ్ళు మండే రూలు. బేస్ తొక్కలేదని ఫీల్డింగ్ జట్టు కనిపెట్టి అప్పీల్ చెయ్యాలి. చేస్తే అవుట్. చెయ్యకపోతే అంపైరు కళ్ళారా చూసినా చూడనట్టే. ఆట అయిపోయాక కూడా కాస్త వ్యవధి ఉంటుంది. బంతి విసిరే పిచ్చరూ, బేసుల దగ్గర నిలబడ్డ పిల్లలూ అందరూ మైదానం గీత దాటి బయటికి వెళ్ళేలోపు ఎవరడిగినా చెల్లుతుంది.

అందరూ వెళ్ళిపోయారు. చెల్లి మాత్రం తను కాపలా కాసిన రెండో బేస్ పక్కనే కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది. బాబాయి ముఖానికి మాస్కు తియ్యకుండా ప్లేట్ వెనక అలాగే నిలబడ్డాడు. అటు గెలిచినవాళ్ళు గంతులు వేస్తున్నారు, ఇటు కోచ్ సంచీ సర్దుకుంటున్నాడు, ఈయన కదలడు. కూతురి ఏడుపు చూడలేక నిలబడ్డాడనుకున్నాను. చెల్లీ అదే అనుకుందట. కాసేపటికి లేచి, కళ్ళు తుడుచుకుని, గీత దాటి బయటికొచ్చింది. అప్పుడు బాబాయి మాస్కు తీశాడు.

ఇవాళ బస్సులో ఆ రన్నరే నవ్వుతూ చెల్లితో అందట, "మీ నాన్న ముక్కు ముందే మూడో బేస్ ఎగ్గొట్టాను" అని. చెల్లి ఇంటికొచ్చి తిన్నగా అడిగింది. ఆయన తిన్నగా చెప్పాడు.

కర్టెన్ తోసుకుని చెల్లి షాపులోకి వచ్చింది. నేను పెద్దరికానికి పోయి, "రూలు అదేనే" అనబోయాను.

"రూలు నాకూ తెలుసు అన్నయ్యా. పుట్టినప్పటి నుంచీ పాలతో పాటు అవే పోశారు. నేనడుగుతున్నది రూలు గురించి కాదు, నాన్న గురించి." లోపలికి వినపడేలా గొంతు పెంచింది. "వచ్చే ఆదివారం ఆయన నిలబడితే నేను ఆడను."

వచ్చే ఆదివారం మ్యాచ్ చూడటానికి పెద్ద జట్టుకి పిల్లల్ని ఎంచుకునేవాళ్ళు వస్తున్నారు. చెల్లి ఆడకపోతే దాని ఆట ఇక్కడితో సరి. రెండో అంపైరు మోకాలు ఇంకా తగ్గలేదు, బాబాయి నిలబడకపోతే అంపైరే లేడు, మ్యాచే లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అది వెళ్ళిన కాసేపటికి బాబాయి వచ్చి తన స్టూలు మీద కూర్చుని, సగం చుట్టిన మోటారు దగ్గరికి లాక్కున్నాడు. నాకిక నోరాగలేదు.

"ఒక్క దగ్గు దగ్గితే సరిపోయేది కదా బాబాయ్. అది తలెత్తి చూసేది."

"దగ్గు వచ్చింది. ఆపుకున్నాను."

"అడ్డొస్తే నువ్వే అరుస్తావు, తొక్కకపోతే గుడ్లప్పగించి చూస్తావు. ఇదేం న్యాయం?"

"అడ్డం పడితే దెబ్బలు తగుల్తాయిరా. ఆపడం నా పని. ఎవరు బేస్ ఎగ్గొట్టారో చూసుకోవడం ఆడేవాళ్ళ పని. వాళ్ళ ఆట నేను ఆడకూడదు."

"నీ కూతురు బాబాయ్."

"అందుకే అసలు ఆడకూడదు."

గోడకి తల కొట్టుకోవాలనిపించింది. గోడ నిండా కాయిల్స్ వేలాడుతున్నాయి కాబట్టి ఆగాను.

"మరి అంతసేపు అక్కడ ఎందుకు నిలబడ్డావు?"

తీగ చుడుతున్న చెయ్యి ఆగింది. "అది గీత దాటలేదు. దాటేదాకా అంపైరు ఉండాలి." మళ్ళీ ఒక చుట్టు వేశాడు. "గుర్తొచ్చి అడుగుతుందేమో అనుకున్నాను."

అడిగాను కాబట్టి చెప్పాడు. అడగకపోతే ఆ మాట ఆయనతోనే పోయేది. అదే నాకు కడుపుమంట.

లేచి బీరువా పక్కనున్న సంచీ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో మాస్కు, ఛాతీ కవచం, ప్లేట్ తుడిచే చిన్న బ్రష్షు. చెల్లి ఆ మాట అనగానే దొడ్లోకెళ్ళి ఇద్దరు కోచ్‌లకూ ఫోన్ చేశాడట, వచ్చే ఆదివారం నన్ను నిలబెడతానని. ఆయన పని చేస్తూ గొణుక్కునే రూళ్ళు వినీ వినీ నాకు కంఠతా వచ్చేశాయి. కాలేజీలో ఒక్క పాఠమూ అలా రాలేదు.

"నావల్ల కాదు," అన్నాను. "నా నోరు సంగతి నీకు తెలుసు. చూస్తే అరిచేస్తాను."

"తెలుసు. నేను నిలబడితే అది ఆడదు. నాకింకెవరున్నారు?"

ఆ వంకర వేలితో మాస్కు పట్టీ సరిచేసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఒక్కటే అడుగుతున్నానురా. ఎవరు తొక్కారో, ఎవరు తొక్కలేదో, అడిగేదాకా కడుపులో పెట్టుకో. అది గీత దాటేదాకా మాత్రం నువ్వు కదలకు."