కథలో పిల్ల కోసం ప్రార్థన

మొన్న సంత్రాగాఛి నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, చిన్నమామ్మ రాసిన చివరి నవల చదివి రికార్డు చేసి పంపమంది. బెంగాల్లోనే పుట్టి పెరిగింది కనక దానికి తెలుగు మాటలొచ్చు గానీ అక్షరాలు రావు. సరేనని మొదలుపెట్టి, స్నానాలగది పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

ఆ నవల మా పిన్ని రాసింది. బడి మొహం చూడని నన్ను లిలువా రైల్వే క్వార్టర్స్ వంటింట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే దేవుని తరువాత ఆవిడ దయే. పెళ్ళయిన దగ్గర్నుంచీ వారపత్రికలకు నవలలు రాసేది. చదివి ఏడ్చామని ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఉత్తరాలు రాస్తే, అవి చదివి ఈవిడ ఏడ్చేది. మా బాబాయి బతికున్నంతకాలం అలాంటప్పుడల్లా తనే లేచి టీ పెట్టేవాడు. మా గురువారం స్త్రీల కూడికలో ప్రార్థన అయ్యాక మరమరాలు నములుతూ పిన్ని కొత్తగా రాసిన భాగం వినడం ఆనవాయితీ. మూడేళ్ళ కిందట ఒక గురువారం చదివిన భాగంలో, కథానాయిక అయిన పిల్లకు తను స్నానం చేస్తుండగా రొమ్ములో బఠాణీగింజంత గడ్డ చేతికి తగిలింది. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. మరుసటి వారం ప్రార్థన అంశాలు అడిగితే, బడ్జ్ బడ్జ్ నుంచి వచ్చి మా క్వార్టర్ల వరసలో ఉంటున్న ముసలమ్మ, కోడలి కాన్పు సంగతి చెప్పి, వెనకే ఆ పిల్ల పేరు కూడా చేర్చింది. కథలో మనిషి కదా అని ఎవరూ అనలేదు. నాకు నవ్వొచ్చి కళ్ళు తెరిచాను. పిన్ని నవ్వడం లేదు. వేళ్ళు తెల్లబడేలా చేతులు బిగించి ప్రార్థిస్తోంది.

వానలు పట్టేసరికి పిన్ని కుడిచెయ్యి వాచింది. ఆవిడ చెబుతుంటే నేను రాసేదాన్ని. ఒకరోజు కథలో పిల్లకూ చెయ్యి వాచిందని చెప్పింది. కలం కింద పెట్టాను. ఏ చెయ్యి అని అడిగాను.

"కుడిచెయ్యే. రాసుకో అమ్మీ."

ఆస్పత్రికి పదమని కాళ్ళు పట్టుకున్నాను.

"నా పేరు సెబితే జాలిపడి ఏడుస్తారు. ఆ పిల్లకైతే బతకాలని ప్రార్థన సేస్తన్నారు. సెయ్యనీ," అంది.

ఆ వారం కథలో పిల్ల డాక్టరు దగ్గరికి వెళ్ళనని మొండికేస్తే ముసలమ్మకు ఒళ్ళు మండింది.

"మోకాళ్ళు అరిగేలా ప్రార్థన మేం సేస్తంటే అది కాళ్ళు కదపదేటి? దేవుడొచ్చి రిక్షా ఎక్కిస్తాడేటి? వచ్చే గురువారానికి దాన్ని డాక్టరుకి సూపించకపోతే నీ కథ నాకొద్దు తల్లీ."

అందరూ నవ్వారు. ముసలమ్మ మాత్రం పిన్ని చేతికేసే చూస్తోంది.

కంటితో చూడకుండా డాక్టరు సంగతి రాయడం తనకు చాతకాదని, ఆ మర్నాడే పిన్ని నన్ను తోడు పెట్టుకుని ఆస్పత్రికి బయలుదేరింది. వరసలో కూర్చున్నంతసేపూ గోడల రంగూ, ఫినాయిల్ వాసనా గుర్తుపెట్టుకోమని నాకు చెబుతూనే ఉంది. పరీక్షలయ్యాక డాక్టరు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని బెంగాలీలో నన్ను అడిగాడు. నవల రాస్తున్నానని పిన్ని బెంగాలీలోనే జవాబిచ్చింది. ఆయన కాగితాలు మడిచి పెట్టి, చాలా ఆలస్యమైందన్నాడు.

తరువాతి గురువారం చదివిన భాగంలో డాక్టరు ఆ పిల్లతో, సమయానికే వచ్చావమ్మా అన్నాడు. ముసలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని దేవునికి స్తోత్రం చెప్పింది. అందరికంటే గట్టిగా పిన్నే ఆమెన్ అంది.

చలికాలం వెళ్ళకుండానే పిన్ని వెళ్ళిపోయింది. నవల పూర్తిచేసే గడువు మాత్రం ప్రభువు ఇచ్చాడు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. చివరి అధ్యాయంలో ఆ పిల్ల పండు ముసలిదై, మునిమనవరాలికి జడవేస్తూ, కుదురుగా కూర్చోవడం లేదని విసుక్కుంటుంది. పిన్నికి దొరకని ఏళ్ళన్నీ అలా నా చేతిరాతలో గడిచాయి.