దొరగారికి పాత ఇంగ్లీషులో సన్మాన పత్రం

ఆ రోజుల్లో మా వైపు మాట ఎంత పాతదైతే అంత గౌరవం. మనుషులకీ ఆ లెక్కే వర్తించేదా అంటే నేను హామీ ఇవ్వలేను. ముందుగానే ఒక మనవి: నేను కొంచెం పెంచి చెప్తాను. (‘కొంచెం’ అన్నది బాగా తగ్గించి చెప్పిన మాటని మా ఆవిడ అభిప్రాయం.) అక్కుపల్లి తీరంలో పడవకంటే పెద్ద చేపను చూశానని నేనంటే, దాన్ని మీకు తోచినంత మేర కోసేసుకోండి. చేప మాత్రం ఉందని నమ్మండి.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నాకు కొత్తగా గుమాస్తా పని దొరికింది. దొరికింది నా ఇంగ్లీషు వల్ల. ఆ ఇంగ్లీషు టెక్కలిలో రిటైరైన ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్నది. ఆయన్ని అందరూ పాతింగ్లీషు మాస్టారనేవారు. ఆయన దగ్గరున్నవన్నీ వందల ఏళ్లనాటి నవలలూ నాటకాలూ. (పేజీ తిప్పితే దుమ్ము లేచేది, దుమ్ము లేస్తే మాస్టారు తుమ్మేవారు, ఆయన తుమ్మితే వీధిలో నిలబెట్టిన సైకిళ్లు పడిపోయేవి.) “ఇప్పటి అర్థం ఎవడైనా చెప్తాడురా. ఈ మాట పుట్టినప్పుడు ఎలా బతికిందో అది తెలుసుకో” అనేవారు. ఆ పుస్తకాల్లో ‘ఆఫుల్’ అంటే చూడగానే భయభక్తులు కలిగించేంత గొప్పవాడు. ‘ఆర్టిఫిషియల్’ అంటే ఎంతో నేర్పుతో, కళతో చేసినది. కాలక్రమాన మొదటిది ‘పరమ దరిద్రం’గానూ రెండోది ‘నకిలీ’గానూ దిగజారిపోయాయని కూడా మాస్టారు చెప్పే ఉంటారు. కొత్త అర్థాలు నాకు చప్పగా తోచి వదిలేశాను.

ఆ ఏడు సరుకు కదలక పప్పు డబ్బాలు గోదాం కప్పును తన్ని నిలబడ్డాయి. అలాంటప్పుడు ఇంగ్లండు నుంచి ఒక పెద్ద కొనుగోలుదారు వస్తున్నాడని కబురొచ్చింది. షావుకారు నన్ను పిలిచాడు.

“ఒరే గుంటడా, శాలువా కప్పి సన్మాన పత్రం సదవకండా బేరం మొదలెడితే మనకేటి మర్యాద? ఇంగ్లీషులో నువ్వే రాయాల. ఆ దొర సరుకు కొనకండా ఎల్లిపోనాడా, రేపట్నుంచి నువ్వు మీ అయ్యతోటి నౌపడలో ఉప్పు కుప్పలెయ్యడమే!”

ఉప్పు మడుల్లో నిలబడి మా నాన్న అరికాళ్లకి పడ్డ పుళ్లు ఏ కాలంలోనూ మానేవి కావు. ఈ ఒక్క ముక్క పెంచి చెప్పడం లేదు.

నేను ఆలోచించాను. సన్మాన పత్రం మనం ఏనాడైనా మాట్లాడుకునే తెలుగులో రాశామా? ‘ఓ వదాన్యశేఖరా, సౌజన్యమూర్తీ’ అంటాం. అదే మాట ఇంట్లో భోజనాల దగ్గర అంటే మనల్ని డాక్టరుకి చూపిస్తారు. కాబట్టి ఇంగ్లీషు వాడికైనా ఎంత పాత మాట వేస్తే అంత మర్యాద. పత్రం రాసి, వినడానికి రమ్మని మాస్టారికి కబురు పెట్టాను.

దొర వచ్చాడు. ఆయనకి కప్పిన శాలువాలో ఆయనా, కుర్చీ, పక్కనున్న టేబుల్ ఫ్యానూ కలిసి మునిగిపోయాయి. రుచి చూడమని పళ్లెంలో పెట్టిన మా పప్పు నవులుతూ కూర్చున్నాడు. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లందరూ వరుసగా నిలబడ్డారు. మాస్టారు బస్సు దిగి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని “ఓ ఆఫుల్ సర్!” అని మొదలెట్టాను. దొర కనుబొమలు నెత్తికెక్కాయి. అది భక్తిపారవశ్యం అనుకుని నేను మరింత ఉత్సాహంగా, మా ఫ్యాక్టరీలోని ప్రతి జీడిపప్పూ నూటికి నూరుపాళ్లు ఆర్టిఫిషియల్ అని ప్రకటించాను.

“ఓలమ్మ! దొరకేటైనాది? నవలడం మానేసినాడు!” అంది పిక్కలు కొట్టే ఒకావిడ.

మేనేజరు వెళ్లి షావుకారు చెవిలో ఏదో ఊదాడు. షావుకారు మొహం పాలిపోయింది. “మన పప్పు నకిలీదని మనమే సెప్పుకుంటామేట్రా? కొంప ముంచేసినావు కదరా!”

నా కళ్ల ముందు నౌపడ ఉప్పు మడులు తెల్లగా మెరిశాయి. అప్పుడు చివరి బెంచీ నుంచి మాస్టారు లేచారు. నెమ్మదిగా దొర దగ్గరికి వచ్చి, ఈ కుర్రాడు మిమ్మల్ని తిట్టలేదు, మీ ముత్తాతల మాటల్లో మీకు దండం పెట్టాడు అన్నారు. జీడి జిడ్డుకి నల్లబడిన ఆ ఆడవాళ్ల చేతులు చూపించి, పప్పు విరక్కుండా తీసే ఆ నేర్పు పేరే ఒకప్పుడు ఆర్టిఫిషియల్ అన్నారు. దొర కాసేపు ఆ చేతులకేసే చూశాడు. తరవాత నవ్వాడు. ఆగిన నోరు మళ్లీ ఆడింది. సరుకంతా కొన్నాడు. వెళ్తూ వెళ్తూ తన శాలువా తీసి మాస్టారి భుజాల మీద కప్పాడు.

ఇప్పుడు మాస్టారు లేరు. నేను మాట్లాడుతుంటే మా మేనల్లుడు నా మాటలకి అర్థాలు ఫోన్లో వెతుక్కుంటాడు. “మావా, నువ్వనే మాటలు ఇందల కూడా దొరకట్లేదు, ఏ కాలంవోడివి నువ్వు?” అంటాడు. నాకూ ఒక చివరి బెంచీ మాస్టారు కావలసిన వయసొచ్చిందన్నమాట.

ఇక మీరు కోసుకోవలసిన ముక్క. మాస్టారు లేవడం నిజం, దొర నవ్వడం నిజం, నేను ఉప్పు మడిలో దిగకపోవడం నిజం. శాలువా సంగతే నా కల్పన. ఉక్కపోతకి దొర దాన్ని కుర్చీ మీదే వదిలేసి వెళ్లాడు. షావుకారు మడత పెట్టించి, రాబోయే అతిథికని బీరువాలో దాచాడు. మాస్టారు ఒట్టి భుజాలతోనే టెక్కలి బస్సెక్కారు. దాన్ని ఆయనకి కప్పాలని ఆరోజు నాకూ తోచలేదు. అందుకే ఈ కథ చెప్పినప్పుడల్లా నేనే కప్పుతుంటాను. చెప్పిన ప్రతిసారీ ఆ శాలువా ఇంకాస్త పెద్దదవుతోంది.