మెత్తగా రాయి

ఒకే ఒక్క తెలుగు మాట నా మొహాన్ని కాల్చేసిందంటే మీరు నమ్మరు. పోనీ అది తిట్టా అంటే, కాదు. మా అమ్మమ్మ ఎంతో ప్రేమగా అన్న మాట. సరిగ్గా ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందురోజు నా చెవిన పడి, అక్కణ్ణుంచి నేరుగా బుగ్గల మీదికి దిగింది. ఎలా దిగిందో చెబుతాను. నవ్వుకోండి గానీ మరీ పగలబడి నవ్వకండి, మీ వాటా కూడా మా అమ్మ ఎప్పుడో నవ్వేసింది.

మాది రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. నాన్న అక్కడి వర్క్‌షాపులో గూడ్సు వ్యాగన్లు బాగుచేసేవారు. అమ్మానాన్నలది శ్రీకాకుళం వైపు. నేను మాత్రం కాలనీలోనే పుట్టి, హిందీ బడిలో చదివి, ఇంట్లో దొరికినంత తెలుగు తిని పెరిగాను. ఆ దొరికిన దాంట్లో సగం హిందీయే. మా ఇంట్లో క్రీము "లగాయించుకుంటాం", తలుపులు "బంద్ చేస్తాం", పోపులో "రాయి" వేస్తాం. కంగారు పడకండి, రాయి అంటే ఆవాలు. కొట్టువాడు హిందీలో రాయీ అని అమ్మేవాడు, అమ్మ రాయి అని కొనేది. ఆవాలు అనే మాట ఒకటి ఉందని ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

ఆ ఏడు చలికాలంలో నా మొహం ఎండి పొట్టు రాలడం మొదలెట్టింది. నవ్వితే మంట. బొట్టుబిళ్ళ తీస్తే కాస్త నుదురు కూడా దానితో వచ్చేది. పోనీలే అనుకుందామంటే, నేను వెళ్ళాల్సిన ఇంటర్వ్యూ చర్మవ్యాధుల క్లినిక్‌లో రిసెప్షనిస్టు ఉద్యోగానికి! పొట్టు రాలే మొహం ఎదురుగా కూర్చుంటే ఏ రోగి లోపలికి వస్తాడు చెప్పండి? ఆ ఉద్యోగం నాకు చాలా కావాలి. బీకాం అయ్యాక ఇంట్లో కూర్చున్నానని కాలనీలో ప్రతి ఆంటీ "ఇంకా ఎక్కడా దొరకలేదా బేటీ?" అని జాలిపడుతుంటే ఏడుపొచ్చేది.

ఇంటర్వ్యూకి ముందురోజు మధ్యాహ్నం అమ్మ చపాతీ పిండి కలుపుతూ, ఫోను స్పీకర్లో పెట్టి పలాసలో ఉన్న అమ్మమ్మతో మాట్లాడుతోంది. పక్కగదిలో నేను చెవులు రిక్కించాను.

"మొన్న మనోళ్ళ పెళ్ళిలో సూసినాను గదే, పిల్ల మొకం ఎండిపోనాది. ముందు సబ్బు మాన్పించు. ఇంట్లో మీగడ ఉంది గదా, మీగడ! మెత్తగా రాయి. బుగ్గలకి బాగా రాయి. నుదుటికీ రాయి. పావుగంట ఉంచీసి గోరెచ్చని నీళ్ళతో కడిగించు. ఇంటన్నావేటి?"

"వింటున్నానమ్మా."

నేనూ వింటున్నాను. అసలు చిక్కు అదే. నాకు తెలిసిన రాయిలు మూడు. మొదటిది బండరాయి, అది మెత్తగా ఉండదు. రెండోది కాగితం మీద రాయి. బుగ్గల మీద ఏం రాస్తారు, నాన్న బాగుచేసిన వ్యాగన్ నంబరా? ఇక మిగిలింది పోపులో రాయి. అంటే మీగడా, మెత్తగా నూరిన రాయీ. బుగ్గలకైతే బాగా! పైగా ఈ ఊళ్ళో చలికాలం వస్తే పిల్లలకి ఒళ్ళంతా ఆవనూనె పట్టిస్తారు. నూనే అంత మంచిదైతే గింజ ఇంకెంత మంచిదో! బీకాం చదివిన బుర్ర మరి, లెక్క గట్టిగానే వేసింది.

అమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. "విన్నావా? పక్కింటికి వెళ్ళొచ్చి నేను లగాయిస్తాను."

"నేను చేసుకోలేనా? చిన్నపిల్లనా?"

"సరే, మలాయి ఫ్రిజ్‌లో ఉంది. జ్యాదా తీయకు, నెయ్యి కాచాలి."

అమ్మ అటు వెళ్ళగానే నేను మిక్సీ ఎక్కించాను. అమ్మమ్మ "బాగా" అంది కదా అని మీగడలో గుప్పెడు రాయి వేశాను. ముద్ద పసుపుపచ్చగా, ఘాటుగా, చూడముచ్చటగా వచ్చింది. మొహమంతా దట్టంగా పట్టించి కుర్చీలో కూర్చున్నాను.

మొదట చల్లగా ఉంది. తర్వాత వెచ్చగా ఉంది. పనిచేస్తోందన్నమాట, అనుకున్నాను. తర్వాత ఇంకా గట్టిగా పనిచేయడం మొదలెట్టింది. కళ్ళలోంచి, ముక్కులోంచి ధారలు. అయినా లేవలేదు. పెద్దావిడ పావుగంట అంది, పావుగంటే! కుర్చీ చేతులు పట్టుకుని, దేవుళ్ళందర్నీ తలుచుకుని, ఇక ఓర్చుకోలేక పరుగెత్తి గోరువెచ్చని నీళ్ళు కొట్టుకున్నాను. అప్పుడు గాని అసలు మంట అంటే ఏమిటో తెలియలేదు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నాన్న గుమ్మంలో ఆగిపోయారు.

"ఏమైందే! వ్యాగన్లకి కొట్టే ఎర్రరంగు నీ మొహానికెవరు కొట్టారు?"

"అమ్మమ్మ..." అన్నాను వెక్కుతూ.

"మీ అమ్మమ్మ పలాసలో ఉంది కదే!"

నా కేకలకి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏం లగాయించావే?"

"మీగడా, రాయీ."

"రాయి ఎందుకే?"

"మీ అమ్మే చెప్పింది! మెత్తగా రాయి, బుగ్గలకి బాగా రాయి అని."

అమ్మ నా వైపు చూసింది. మిక్సీ వైపు చూసింది. అలాగే గోడ పట్టుకుని నేల మీద కూలబడింది. ఏడుస్తోందేమోనని నాన్న దగ్గరికి వెళితే, పిచ్చిపట్టినట్టు నవ్వుతోంది. "రాయి అంటే... లగాయించమనే!" అని చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

వెంటనే అమ్మమ్మకి ఫోను. "ఓలమ్మో! ఆవాల్ని రాయంటారేటే మీ ఊళ్ళో? మరి రాళ్ళనేటంటారే?"

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఉద్యోగం పోయినట్టే అనిపించి ఆ రాత్రి దిండు తడిపేశాను.

మర్నాడు స్కార్ఫు చుట్టుకుని స్కూటీ మీద వెళ్ళాను. రాయపూర్‌లో ఆడపిల్లలు బండెక్కితే కళ్ళు తప్ప ఏమీ కనిపించనివ్వరు కాబట్టి దారిలో పరువు దక్కింది. డాక్టరమ్మ ఎదుట స్కార్ఫు తీయక తప్పలేదు.

"పేషెంట్లు బయట కూర్చోవాలి," అందావిడ హిందీలో.

"మేడమ్, నేను ఇంటర్వ్యూకి వచ్చాను."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "క్యా లగాయా?"

"మలాయీ ఔర్ రాయీ."

"అచార్ డాల్ రహీ థీ క్యా?"

మొహానికి ఊరగాయ పెట్టుకున్నావా అని ఆవిడ అడుగుతుంటే ఇక దాచి లాభం లేదని మూడు రాయిల కథా చెప్పేశాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఎరుపు తగ్గడానికి మందు ఇచ్చింది. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పింది. సబ్బు వద్దు, గోరువెచ్చని నీళ్ళు చాలు, తడి ఆరకముందే సాదా క్రీము మెత్తగా పూసుకోవాలి, అంతకుమించి ఏమీ వద్దు. మా అమ్మమ్మ ఫీజు తీసుకోకుండా చెప్పింది దాదాపు ఇదే!

"వంటింటి సామాను మొహానికి పెట్టుకోవద్దని చెప్పలేక నా గొంతు పోతోంది," అంది డాక్టరమ్మ. "నువ్వు ఎదురుగా ఉంటే నేను చెప్పక్కర్లేదు. సోమవారం నుంచి రా. ముందు ఒక ఫోటో తీయించుకో."

అలా నాకు ఉద్యోగం వచ్చింది. మొహం బాగుపడ్డాక ఇంకో ఫోటో తీసి, రెండూ కలిపి సరిగ్గా నా కుర్చీ వెనక గోడకి తగిలించారు. వచ్చిన రోగులంతా ఆ ఎర్రటి మొహాన్ని చూసి, "అయ్యో, ఈ పిల్లకి ఏం జబ్బు?" అనేవాళ్ళు.

"తెలుగు రాకపోవడం," అనేదాన్ని.

కాబట్టి పాఠకుల సమక్షంలో, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: తెలుగులో ఎవరేం చెప్పినా, అది చేసే పనో పోపుల డబ్బాలో దినుసో తేల్చుకోకుండా ఈ మొహాన్ని ముట్టుకోను. ఈ ప్రమాణమే మొదటిసారి అమ్మమ్మకి ఫోను స్పీకర్లో పెట్టి వినిపిస్తే ఆవిడ నమ్మలేదు.

"ఉట్టి మాటలెందుకే? మరిసిపోకుండా బాగా రాయి!" అంది.

వంటింట్లో అమ్మ గబుక్కున ఆవాల డబ్బా తీసి పై అరలోకి ఎక్కించేసింది.