అంగుళం కొసరు

జగ్గయ్యపేట బజారులో, తక్కెడ పక్కనే పుట్టి పెరిగిన నేను, బేరంలో నన్ను గెలిచినవాడు ఈ చుట్టుపక్కల లేడని అరవై నాలుగేళ్ళుగా చెప్పుకు తిరుగుతున్న నేను, కారుకి నాలుగు మామూలు టైర్లు కొందామని బెజవాడ వెళ్ళి, అంగుళం కొసరు పుచ్చుకుని తిరిగొచ్చాను. పప్పులో, బెల్లంలో కొసరు తెచ్చుకున్నవాళ్ళు మనలో లక్ష మంది ఉంటారు. చక్రంలో కొసరు తెచ్చుకున్న మొనగాడు ఇంకొకరుంటే చెప్పండి, వెళ్ళి దండ వేసొస్తాను.

ఈ వేళ పొద్దున తొమ్మిదింటి నుంచీ నందిగామలో ఒక టైర్ల కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లేచి, నాలుగడుగులు వేసి, మళ్ళీ కూర్చుంటూ, ఆ అంగుళాన్ని వదిలించుకునే పనిలో ఉన్నాను. కారు జాకీల మీద ఉంది. సాయంత్రం నాలుగింటికి మా అక్కని ఇక్కడికే, వెన్నుకి వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి తీసుకురావాలి. ముక్త్యాలలో ఉన్న అక్క నా కారెక్కుతుందో లేదో తెలియదు. పొద్దున ఫోన్ చేస్తే, చూద్దాంలేరా అంది. మా ఇంట్లో చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోతున్నాను. ఇందాక పాత రిమ్ము ఒకటి నేలమీద పడి ఠంగుమంటే, మా కొట్లో తక్కెడ పళ్ళెం కింద పెట్టినప్పటి చప్పుడు గుర్తొచ్చి, మనసు అటు వెళ్ళిపోయింది.

మా నాన్నగారిది కిరాణా కొట్టు. నాకంటే అక్క ఆరేళ్ళు పెద్ద. ఆడపిల్ల కొట్లో కూర్చోవడమేమిటని పెద్దవాళ్ళు సణుగుతున్నా, లెక్క తప్పదని నాన్నగారు సెలవుల్లో తనని పక్కనే కూర్చోబెట్టుకునేవారు. నన్ను కూర్చోబెడితే బెల్లం తగ్గేది. మీ కాలంలోనూ ఇలాగే ఉండేదనుకుంటాను, ఏ సరుకు కొన్నా చివర్లో కొనేవాళ్ళ చెయ్యి ఇంకా చాచే ఉండేది, అందులో పిడికెడు పడితేగాని బేరం ముగిసినట్టు కాదు. కంది పప్పు కొంటే నాలుగు గింజలు, చింతపండు కొంటే ఒక రెబ్బ, ఏమీ లేకపోతే పొట్లం మీద ఇంకో కాగితం, అదీ లేకపోతే ఒక మంచి మాట. కొసరు వెయ్యని కొట్టుకి రెండోసారి ఎవరూ వచ్చేవారు కారు.

నాన్నగారి చేతిలో ఒక పనితనం ఉండేది. తక్కెడ ముల్లు ఇంకా రాళ్ళ వైపు కాస్త వాలి ఉండగానే పళ్ళెం ఎత్తి సరుకు పొట్లంలో పోసేసేవారు. ఆ తరవాత కొనేవాళ్ళ కళ్ళ ముందు ధారాళంగా ఒక పిడికెడు తీసి పైన వేసేవారు. వాళ్ళ మొహం వెలిగిపోయేది. ఆ పిడికెడు కలిపితే సరిగ్గా కిలో. ఒక గింజ ఎక్కువా కాదు, తక్కువా కాదు. మోసం కదా అని నేనోసారి అడిగితే, ఇంటికెళ్ళి తూచుకోమను అన్నారాయన. అక్క చేతికీ అదే పట్టు వచ్చింది. పైగా తనకి ఇంకో విద్య ఉండేది. పుచ్చిన సరుకు ఎవరైనా అడిగితే, బాగాలేదు అని చెప్పి కొట్టు పరువు తీసేది కాదు, ఉందని అంటగట్టేదీ కాదు. అయిపోయిందండి అనేది, అంతే. ఆ మాట అంత మెత్తగా ఇంకెవరూ అనలేరు.

బావ ఉన్నన్నాళ్ళూ ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పని చేశాడు. ఆయన పోయాక కూడా అక్క అక్కడే ఉండిపోయింది. మొన్నామధ్య తడి గచ్చు మీద జారి పడితే వెన్నులో ఒక పూస నొక్కుకుపోయింది. ఆపరేషన్ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు శ్రద్ధగా వ్యాయామం చేయిస్తే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుస్తుందన్నారు. నడిపించే బాధ్యత ఆ అమ్మాయిది, తీసుకొచ్చే బాధ్యత నాది. పదిహేనంగుళాల చక్రాల మీద మొదట్లో మా ప్రయాణాలు హాయిగానే సాగాయి. అక్క ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా పాత ఖాతాదార్ల కబుర్లు చెప్పేది, నేను నవ్వుతూ నడిపేవాణ్ణి. పది రోజుల్లో కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవడం మొదలుపెట్టింది.

ఇంతలో టైర్లు అరిగాయి. మార్చడానికి బెజవాడ దాకా వెళ్ళక్కర్లేదు, కానీ నందిగామలో బేరమాడితే ఆ విజయాన్ని చూసేవాళ్ళెవరు. బెజవాడ కొట్లో మెరుస్తున్న పదహారంగుళాల అల్లాయ్ చక్రాలు చూపించారు. టైర్లతో కలిపి డెబ్బై రెండు వేలన్నారు. నేను లేచాను, కూర్చోబెట్టారు. మళ్ళీ లేచాను, టీ తెప్పించారు. గుమ్మం దాకా వెళ్ళాను, వెనక్కి పిలిచారు. యాభై ఎనిమిది దగ్గర తెగింది. నా పాత చక్రాలు వాళ్ళకిచ్చేస్తే ఆరు వేలు తగ్గింపు. అక్కడితో డబ్బు కట్టేసి వచ్చేస్తే నేను నేనెందుకవుతాను. కొసరేమిటండీ అన్నాను.

"టైర్లలో కొసరేంటి సార్, గాలి కొట్టి పంపిస్తాం" అన్నాడు కొట్టు యజమాని.

నేను కదల్లేదు. ఆయన గోడవారగా చూసి, కాసేపు నుదురు రుద్దుకుని, ఎంతో బాధపడుతున్నవాడిలా, పదిహేడంగుళాల సెట్టు ఒకటుంది సార్, మీ మొహం చూసి పదహారు రేటుకే ఇచ్చేస్తా, అంగుళం కొసరు అనుకోండి అన్నాడు. గోడవారగా ఉన్న ఆ సెట్టు మీద దుమ్ము వేలితో రాసేంత ఉంది. కొట్లో పుట్టినవాణ్ణి, దుమ్ము దేనికి పడుతుందో నాకు తెలియదా. అయినా కొసరు అనే మాట వినేసరికి నా చెయ్యి చాచే ఉంది.

మొదటి రెండు రోజులూ కారు నిజంగానే నా మాట వినేది. మలుపులో స్టీరింగ్ ఇలా అంటే అలా తిరిగేది, పెద్ద రోడ్డు మీద అటూ ఇటూ ఊగేది కాదు. పేటలో పది మంది ఆగి చూశారు. ఎంతకి కొన్నావని అడిగిన ప్రతివాడికీ నలభై వేలని చెప్పాను, మా ఆవిడకీ అక్కకీ కూడా అంతే. బేరగాళ్ళ ఇళ్ళల్లో కొన్న ధర ఎప్పుడూ కొన్నదానికంటే తక్కువే చెబుతారు, అది అబద్ధం కింద జమకట్టరు.

తరవాత నెమ్మదిగా ఒక్కొక్కటే బయటపడింది. వేగం అందుకోగానే అడుగు నుంచి బొంయ్‌మని ఒక మోత, వంద తేనెటీగల్ని డిక్కీలో వేసి మూసినట్టు. ముక్త్యాల దారిలో సిమెంటు లారీలు తొక్కి వదిలిన గుంటల్లో ఒక్కొక్క రాయీ తన పేరు చెప్పి మరీ పలకరించేది. అక్క కబుర్లు ఆగిపోయాయి. కిటికీ పైన పిడి పట్టుకుని బయటికి చూస్తూ కూర్చునేది. కొత్త చక్రాల సుఖానికి మాటలు రావడం లేదనుకున్నాను. ఎలా ఉంది అక్కా అని అరిస్తే, బాగుందిరా అన్నట్టు తలూపేది. మోతలో అది తలూపడమో, గుంటలో పడి తల ఊగడమో నేను చూసుకోలేదు.

ఇలా నాలుగుసార్లు వెళ్ళొచ్చాక ఒక రోజు ఫోన్లో, వ్యాయామాలు అయిపోయాయిరా, ఇంక రానక్కర్లేదంది ఆ అమ్మాయి, అని చెప్పింది. నేను సంతోషించాను. అయిపోయింది అనే మాట విని సంతోషించాను చూడండి, అదీ మా అక్క నోటి నుంచి.

ఓ రెండు వారాలు పోయాక, ఆ కుదుపు సంగతి తేలుద్దామని, గాలితో బేరానికి దిగాను. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలో ఎంత గాలి పెట్టాలో ఉంటుంది. తగ్గిస్తే మెత్తబడుతుందని దానికంటే ఆరు పౌండ్లు తగ్గించాను. కాస్త మెత్తబడిన మాట నిజమే. మూడో రోజున కోదాడ వైపు వెళ్తూ ఒక గుంటలో పడితే, రబ్బరు దాటి దెబ్బ నేరుగా రిమ్ముకి తగిలి, అంచు వంగి, స్టీరింగ్ వణకడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చాను ఈ నందిగామ కొట్టుకి. దీని యజమాని ఒకప్పుడు పంక్చర్లు వేసిన సాయిబు గారి కొడుకు, నన్ను బాబాయ్ అంటాడు. రిమ్ము సాపు చేయిస్తూ, టైరు మీద అంకెలు వేలితో చూపించాడు.

"పాతది నూటెనభై అయిదు, అరవై అయిదు. అంటే వెడల్పులో నూటికి అరవై అయిదు వంతుల ఎత్తు రబ్బరుంటదండి, దగ్గర దగ్గర అయిదంగుళాలు. మీరు తెచ్చింది రెండొందల అయిదు, నలభై అయిదు. నాలుగంగుళాలు కూడా లేదు చూడండి."

"మరి చక్రం పెద్దది కదయ్యా?"

"మొత్తం ఎత్తు అంతే ఉండాలి బాబాయ్, లేకపోతే స్పీడు మీటరు తప్పు చూపిస్తది. ఇనుము పెరిగితే రబ్బరు తగ్గాలి కదా. ఆ రబ్బరే మీకు పరుపు. పరుపు కోసి మంచానికి అతికించుకున్నారు మీరు."

ముల్లు వాలి ఉండగానే ఎత్తేసిన తక్కెడ, పైన ధారాళంగా వేసిన పిడికెడు, మొత్తం సరిగ్గా కిలో. కొసరు నా సరుకులోంచే తీసి నాకే వేశారు. పదేళ్ళ వయసులో తెలుసుకున్న కిటుకు అరవై నాలుగేళ్ళ వయసులో నా మీదే పని చేసింది. నాన్నగారి కొట్లో అయితే ఇంటికెళ్ళి తూచుకోవచ్చు. దీన్ని అక్క వెన్నుతో తూచాను.

ఆ సాయంత్రమే వ్యాయామం చేయించే అమ్మాయి ఫోన్ చేసి, అమ్మగారు మూడు వారాలుగా రావట్లేదేంటండీ, ఊళ్ళో లేరా అని అడిగింది. మర్నాడు ముక్త్యాల వెళ్ళేసరికి అక్క కుర్చీలోంచి లేవబోతూ రెండు చేతులూ ఆనించింది. అది చూశాక ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా అడిగాను.

"అయిపోయిందన్నావు కదక్కా."

"అయిపోయిందిరా, నా ఓపిక."

"కుదుపుతోందని ఒక్క మాట అనొచ్చుగా."

"అన్నాను. రెండుసార్లన్నాను. నీ కారు వినిపించనివ్వలేదు. మూడోసారి నీ మొహం చూసి ఊరుకున్నా. నలభై వేలకి కొట్టుకొచ్చానని అంత మురిసిపోతుంటే ఎట్టా అనేది."

ఇనుము, రబ్బరు సంగతి చెప్పాను. విని, నడుము పట్టుకుని మరీ నవ్వింది. "నాన్న కొసరు చివరికి నీ చేతిలోనే పడిందట్రా" అంది. నవ్వడం వల్ల నొప్పి పుట్టి కళ్ళు మూసుకుంది. నేను బయటికి వచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాను, ఏం చెయ్యాలో తోచక.

అదీ ఈ వేళ ఇక్కడ కూర్చున్న కథ. ఎవరి కారు నుంచో తీసిన పదిహేనంగుళాల ఇనప చక్రాలు నాలుగు సాయిబు గారి కొడుకు వెతికి తెచ్చాడు. కొత్త టైర్లు పాత కొలతవే. ఎక్కువ కాలం అరగనివి కావాలా అన్నాడు, అవి కాస్త గట్టిగా ఉంటాయట. అక్కర్లేదు, మెత్తవీ మోత తక్కువవీ ఇయ్యమన్నాను. జీవితంలో మొదటిసారి తొందరగా అరిగే సరుకు కోరి కొన్నాను. టైరు మీది రబ్బరు పట్టీలు చిన్నవిగా, ఒకదానికొకటి సరిపోలకుండా కోసినవైతే మోత చెదిరిపోతుందని రెండు రకాలు పక్కపక్కన పెట్టి చూపించాడు. మలుపుల్లో ఇవి కాస్త బద్ధకిస్తాయని కూడా నిజాయితీగా చెప్పాడు. బద్ధకించనీ. చీటీలో ఉన్నంత గాలి, ఒక్కటి అటూ ఇటూ లేకుండా, పెట్టించాను. చెప్పిన ధర ఇచ్చాను. అతనికి అనుమానం వచ్చింది.

"ఒంట్లో బాగుందా బాబాయ్? కొసరు అడగలేదేంటి?"

మూడు కాకముందే ముక్త్యాలలో ఉన్నాను. అక్క గుమ్మంలోంచి ముందు చక్రాల్ని చూసింది, తరవాత నన్ను. వంగి, నొప్పిగానే, బొటనవేలితో టైరుని నొక్కింది, పూర్వం బెల్లం అచ్చుని నొక్కి చూసినట్టు. ఎక్కి కూర్చుంది. లారీల గుంటలు దాటుతుంటే నేను స్టీరింగ్‌ని కాదు, తన చేతిని చూస్తున్నాను. పిడి దాకా వెళ్ళిన చెయ్యి, పేట దాటి పెద్ద రోడ్డెక్కాక ఒళ్ళోకి దిగింది. ఇంకో రెండు మైళ్ళకి, ఎప్పుడో అప్పు ఎగ్గొట్టిన ఒక ఖాతాదారు సంగతి ఎత్తుకుంది. మామూలు గొంతుతోనే చెప్పింది, అంతా వినిపించింది.

ఇప్పుడు పేటలో ఏ కొట్టుకెళ్ళినా సరుకు ముందే కట్టి, ధర ముందే అచ్చేసి ఉంటుంది. తక్కెడ లేదు, ముల్లు లేదు, చివర్లో చాచిన చెయ్యీ లేదు. నాలాంటి వాళ్ళం ఆ చెయ్యిని దించడం తెలియక, దొరికినచోటల్లా చాస్తూ తిరుగుతున్నామనుకుంటాను. మనం కొసరు కోసం వెళ్ళేవాళ్ళం కాదు, ఆ పిడికెడు వేసేటప్పుడు ఎదుటివాడు మన మొహం చూసేవాడు, అందుకు వెళ్ళేవాళ్ళం. నాకు ఇప్పుడే తట్టింది, కాస్త ఖరీదుగా.

నందిగామ దగ్గర పడుతుండగా అక్క అడిగింది. "నిజం చెప్పరా, మొత్తం ఎంతయింది?"

ఈసారి తగ్గించి చెప్పలేదు. అల్లాయ్ చక్రాలూ వాటి టైర్లూ, పాతవి పోను, యాభై రెండు వేలు. వంగిన రిమ్ము సాపు చెయ్యడానికి పదిహేను వందలు. ఈ వేళ నాలుగు టైర్లు ఇరవై వేల ఎనిమిది వందలు, ఇనప చక్రాలు నాలుగు వేల నాలుగు వందలు, బిగింపూ బ్యాలెన్సూ అలైన్‌మెంటూ కలిపి పదమూడు వందలు. అంతా ఎనభై వేలు. అల్లాయ్ సెట్టు సాయిబు గారి కొడుక్కే తిరిగి అమ్మితే వచ్చింది ఇరవై నాలుగు వేలు. నికరం యాభై ఆరు వేలు. మొదటి రోజే బుద్ధిగా నాలుగు టైర్లు కొని బిగించుకుని ఉంటే ఇరవై రెండు వేల నూరు. అంగుళం కొసరు ఖరీదు ముప్పై మూడు వేల తొమ్మిది వందలు.

అక్క మానేసిన వ్యాయామాలు ఆరు. మళ్ళీ కుర్చీ చేతులు వదిలి లేవడానికి, ఆ అమ్మాయి లెక్క ప్రకారం, ఇంకో నెల.