పడిపోయే ఎల్మో

ఎల్మో టాగర్ట్ ఇరవై ఏళ్లుగా హాలీవుడ్ కౌబాయ్ సీరియళ్లలో తూటా తగిలి పడిపోతూ బతుకుతున్నాడు. గుర్రం మీంచి పడ్డాడు, సారాకొట్టు మెట్ల మీంచి దొర్లాడు. "నా మొహం ఎవరికీ గుర్తుండదు గానీ, వీపు మాత్రం ఊరందరికీ తెలుసు" అంటాడు. ఆ రోజు తొలిసారిగా షెరీఫ్ సహాయకుడి వేషం ఇచ్చారు. దొంగను కాల్చి నిలబడితే చాలు, ఇక ప్రతివారం పని ఉంటుంది. ఎల్మో తుపాకి పేల్చాడు. చప్పుడు వినగానే తనే గుండె పట్టుకుని కుప్పకూలాడు. దొంగ నిలబడే ఉన్నాడు.

"కాల్చింది నువ్వేనయ్యా ఎల్మో" అన్నాడు డైరెక్టర్.

"తెలుసు సార్. మోకాళ్లకే తెలీలేదు."

రెండోసారీ, మూడోసారీ అదే జరిగింది. చివరికి డైరెక్టర్ ఇద్దరినీ వేషాలు మార్చుకోమన్నాడు. ఎల్మో తన చొక్కాకున్న షెరీఫ్ సహాయకుడి నక్షత్రం బిళ్ల తీసి దొంగ వేషగాడి చొక్కాకు గుచ్చాడు.

"నువ్వు కాల్చు చాలు బాబూ. పడే సంగతి నేను చూసుకుంటా."